టై డై కేకు - రంగుల వెనక కథ

మా అమ్మాయికి ఈ జూలైలో పద్దెనిమిది నిండాయి. కౌన్సెలింగ్ అయిపోయింది, వేరే ఊళ్ళో సీటొచ్చింది, ఇంకో మూడు వారాల్లో హాస్టల్‌కి ప్రయాణం. అందుకని ఈసారి కేకు బయట ఆర్డరివ్వకుండా నేనే చేస్తానని మాటిచ్చేశాను. ఏం కేకు కావాలే అంటే, "టై డై కేకు" అంది. టీషర్టుల మీద ఉంటుంది చూడండి, నడిమధ్యలో మొదలై ఏడు రంగులూ సుడి తిరుగుతూ అంచుదాకా వెళ్ళే డిజైను, అదన్నమాట. అదీ క్రీముతో కాదు, ఫాండెంట్‌తో.

ఫాండెంట్ తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఐసింగ్ షుగర్‌లో గ్లూకోజు, గ్లిజరిన్, కాస్త బంక లాంటి పదార్థం వేసి చపాతీ పిండిలా కలిపిన ముద్ద. అప్పడాల కర్రతో పల్చగా ఒత్తి, కేకు మీద దుప్పటిలా కప్పుతారు. చాలా దేశాల్లో దాన్లో జెలటిన్ వేస్తారు. జెలటిన్ జంతువుల ఎముకల నుంచీ తోళ్ళ నుంచీ వస్తుంది కాబట్టి, మా అత్తయ్య లాంటి శాకాహారులున్న ఇంట్లో డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూసుకునే కొనాలి. నేను చూసుకునే కొన్నాను.

చూసుకోనిది రంగు. మా వీధి చివర కొట్లో "స్వీట్లకి వాడేదేనమ్మా" అని చిన్న పాలిథిన్ పొట్లంలో గులాబీ రంగు పొడి ఇచ్చాడు. పది రూపాయలు. ఇంటికొచ్చి చిటికెడు నీళ్ళలో వేస్తే గిన్నెంతా ధగధగలాడిపోయింది. ఒక చుక్క గిన్నెలు తుడిచే నూలుగుడ్డ మీద పడింది. సబ్బు పెట్టి రుద్దాను, నానబెట్టాను, ఎండలో వేశాను. పోలేదు. మా అమ్మాయి ఆ గుడ్డా, పొట్లం రెండూ చేతిలోకి తీసుకుని, "దీనిమీద ఒక్క అక్షరం కూడా లేదేంటమ్మా? ఇది తినేదా, బట్టలకి వేసేదా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. పొట్లం చెత్తబుట్టలో పడింది కానీ ప్రశ్న మాత్రం పోలేదు. బట్టల రంగూ తినే రంగూ ఇంత దగ్గరగా ఎలా వచ్చాయి? బట్టకి ముడివేసి అద్దే పని పంచదార ముద్ద మీదికి ఎక్కడానికి ఎంత దూరం నడిచొచ్చింది? బీఏ తెలుగు చదివినదాన్ని, నాకు సైన్సు అంతంతమాత్రం. అయినా నాలుగు రోజులు వంట తొందరగా ముగించి ఇదే పనిమీద కూర్చున్నాను.

మొదట మా అత్తయ్య సంగతి చెప్పాలి. ఆవిడ పుట్టిల్లు చీరాల. వాళ్ళ తాతగారు, నాన్నగారు మగ్గం మీద రుమాళ్ళు నేసినవాళ్ళు. ఫోన్‌లో ఆ కేకు ఫోటో చూపించి, "అత్తయ్యా, ఇది మీ చిటికీ పనిలాంటిదే కదండీ?" అన్నాను గొప్పగా. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తేరిపార చూసి, "చిటికీ ఏంటే అమ్మాయ్, ఇది రంగు కారిపోయిన గుడ్డ" అనేశారు.

నేనూ మా అమ్మాయీ పగలబడి నవ్వాం. కానీ చదువుతున్నకొద్దీ ఆవిడ మాటలోనే ఉంది కథంతా అనిపించింది.

చిటికీలో బట్టకి ముడి వెయ్యరు, నూలుకి వేస్తారు. నేతకి ముందే పోగులను కట్టలుగా పరిచి, ఎక్కడ తెలుపు ఉండాలో అక్కడ గట్టిగా చుట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్ళీ ఇంకోచోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. పోచంపల్లిలో ఇప్పుడు కట్టడానికి పాత సైకిల్ ట్యూబుని సన్నగా కోసిన రబ్బరు పేలికలు వాడతారు. పడుగు, పేక రెండింటికీ ఇలా కట్టి నేస్తే, మగ్గం మీద ఆ రెండూ కలిసినచోటే పువ్వో గడియారమో ఏనుగో లేస్తుంది. ఒక్క పోగు జరిగినా బొమ్మ మూతి వంకరపోతుంది. కట్టు వదులై రంగు లోపలికి పాకితే అది తప్పు. "మా నాన్న ఒక పేటు చెడితే ఆ రోజు అన్నం సరిగా తినేవాడు కాదు" అని అత్తయ్య చెప్పారు.

వాళ్ళు నేసింది తేలియా రుమాలు. తేల్ అంటే నూనె. నూలుని ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిద నీళ్ళలోనూ నూనెలోనూ రోజుల తరబడి ముంచుతూ, పిసుకుతూ, ఎండబెడుతూ ఉంటే, ఆ తర్వాత ఎరుపు రంగు పట్టిందంటే వదలదు. ఎరుపు, నలుపు, తెలుపు - ప్రధానంగా మూడే రంగులు. నూనె వాసన రుమాలుకి ఎప్పటికీ పోదు. ఎడారి ఎండల్లో తలకి చుట్టుకుంటే చల్లగా ఉంటుందని అరబ్బు దేశాలవాళ్ళు కొనేవారు. చీరాల నుంచి ఈ విద్య ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పోచంపల్లి వైపు వెళ్ళింది. అక్కడ తర్వాత చీరలయింది, దుప్పట్లయింది, పేరు తెచ్చుకుంది. పుట్టపాకలో ఈనాటికీ తేలియా రుమాలు నేసేవాళ్ళున్నారు, 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చీరాలలో మాత్రం మా అత్తయ్య పుట్టింటి మగ్గం గుంట పూడ్చి దానిమీద వంటిల్లు కట్టేశారు.

ఆ ఎరుపు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత పనికొస్తుంది. మన తీరంలో ఎరుపంటే చిరివేరు. ఆ వేళ్ళలో ఎరుపునిచ్చే పదార్థం పేరు అలిజరిన్. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు అదే పదార్థాన్ని తారు నుంచి తియ్యడం కనిపెట్టారు. కొద్ది సంవత్సరాల్లోనే ఫ్యాక్టరీ అలిజరిన్ ప్రపంచమంతా పారింది. చిరివేరు తవ్వేవాళ్ళ పని పోయింది. రుమాళ్ళ ఎరుపు కూడా జర్మనీ డబ్బాల్లోంచే రావడం మొదలైంది. మనం "అచ్చమైన పాత పద్ధతి" అని మురిసిపోయే చాలా వాటిలో ఇలాంటి డబ్బా ఒకటి ఉంటుంది.

ఇక బట్టకే ముడివేసే పని గుజరాత్, రాజస్థాన్‌ల బాంధనీ. కచ్‌లో ఖత్రీలు దీనికి పేరుపడ్డవాళ్ళు. గుడ్డని గోరంత పైకి లాగి దారంతో బిగించి చుట్టాలి, అది ఒక చుక్క. అలాంటివి చీరకి వేలు. చుక్కలు కట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే, ఇంట్లో పనుల మధ్యన. అందుకోసం చిటికెన వేలి గోరు పెంచుకునేవాళ్ళూ ఉన్నారు, మొనతేలిన ఉంగరం తొడుక్కునేవాళ్ళూ ఉన్నారు. పాతదనానికి సాక్ష్యం కావాలంటే అజంతా చిత్రాల్లో ఒకరిద్దరి రవికల మీద చుక్కలు చూపిస్తారు. ఏడో శతాబ్దంలో బాణుడు హర్షచరిత్రలో రాజ్యశ్రీ పెళ్ళికి బట్టలు సిద్ధం చేసే సందడిలో ముడులు కట్టి రంగులద్దే పనిని వర్ణించాడు. రాజుగారింటి పెళ్ళే అయినా, చదువుతుంటే మన ఇళ్ళల్లో పెళ్ళికి ముందు వారం రోజుల హడావిడే గుర్తొచ్చింది నాకు. మన పాల్కురికి సోమనాథుడు కూడా బసవపురాణంలో బట్టల పేర్లు ఏకరువు పెడతాడు. డిగ్రీలో అవి బట్టీ పట్టలేక ఏడ్చాం, అప్పుడు ఆ పేర్ల వెనక ఎవరి వేళ్ళున్నాయో ఆలోచించలేదు.

బాంధనూ నుంచే ఇంగ్లీషువాళ్ళకి బందానా అనే మాట వచ్చింది. అమెరికా కౌబాయ్ మెడలో కట్టుకునే ఎర్ర రుమాలు మన ముడి పేరే మోస్తోంది. అక్కడ ఈ పని గురించి 1909లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ పెల్యూ అనే ప్రొఫెసరు ముడివేసి అద్దిన మస్లిన్ ముక్కలు సంపాదించి, ఉపన్యాసమిచ్చి, చేసి చూపించాడు. కొన్నాళ్ళు ఇంటి అలంకరణగా నడిచి సద్దుమణిగింది. మళ్ళీ 1960లలో లేచింది. వియత్నాం యుద్ధం వద్దన్న కుర్రకారు, జుట్టు పెంచుకుని, అమ్మానాన్నల చొక్కాలూ టైలూ వద్దనుకుని, తెల్ల బనియన్‌ని మెలితిప్పి రబ్బరు బ్యాండ్లు వేసి రంగుల్లో ముంచి తొడుక్కున్నారు. 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో జాన్ సెబాస్టియన్ అనే గాయకుడు అలాంటి బట్టలతోనే వేదికెక్కాడు. టై డై అనగానే ఇప్పటికీ చాలామందికి ఆ కాలమే గుర్తొస్తుంది.

అంత మెరిసే రంగులు వాళ్ళకెలా దొరికాయంటే, దాని వెనకా కెమిస్ట్రీయే. 1956లో ఇంగ్లాండులో ఐసీఐ కంపెనీ ప్రోసియాన్ అనే కొత్తరకం రంగులు అమ్మకానికి తెచ్చింది. ఇవి నూలుకి పైపైన అంటుకోవు, నూలుతో రసాయనికంగా కలిసిపోతాయి. మరగబెట్టక్కర్లేదు, చల్లనీళ్ళు, సోడా చాలు. నూనెలో రోజులు రోజులు పిసికిన పని ఒక బకెట్లో, ఒక పూటలో అయిపోయింది.

మా అత్తయ్య మాట ఇక్కడే నాకు తగిలింది. మనవాళ్ళు ముడి వేసింది రంగుని ఆపడానికి. ఆగినచోట ఉండే తెలుపుదే విలువ. అమెరికా పిల్లలు ముడి వేసింది రంగు ఎటు పాకుతుందో చూద్దామని. చీరాలలో కూలి కోసేసే తప్పునే వాళ్ళు అందం అన్నారు. ఇందులో ఎవరిది గొప్ప అని నేను అనను. కానీ "ఇదంతా మన దేశం నుంచే వెళ్ళింది" అని వాట్సాప్‌లో తిరిగే మాట మాత్రం నాకు మింగుడుపడదు. పని మనకీ ఉంది, జపాన్‌కీ ఉంది, ఆఫ్రికాకీ ఉంది, మనసు మాత్రం వేరు.

పంచదార విషయంలో మనది నిజంగానే పాత చెయ్యి. శర్కర నుంచే షుగర్, ఖండ నుంచే క్యాండీ. 647 ప్రాంతంలో చైనా చక్రవర్తి చక్కెర చేసే విద్య నేర్చుకు రమ్మని మనుషుల్ని మగధకి పంపాడు. చక్కెరతో బొమ్మలు చెయ్యడమూ మనకి కొత్త కాదు. కోస్తాలో సారెలో పెట్టే పంచదార చిలకలు, తెలంగాణలో హోలీకి పిల్లల మెళ్ళో వేసే చక్కెర పేర్లు చూడలేదూ. అవి పాకం అచ్చులో పోసేవి. ముద్దలా చేసి ఒత్తే పద్ధతి మాత్రం యూరప్‌ది. పదహారో శతాబ్దంలో అక్కడి పుస్తకాల్లో, ట్రాగకాంత్ అనే బంకని నానబెట్టి మెత్తటి పంచదార కలిపి పిసికి, పళ్ళేలూ గ్లాసులూ చేసుకోమని, భోజనం అయ్యాక వాటినీ తినెయ్యమని రాశారు. ఆ బంక మరేదో కాదు, వేసవిలో చలవకని మనం షర్బత్‌లో వేసుకునే గోంద్ కతీరా. రంగులకి కుంకుమపువ్వు, పాలకూర రసం లాంటివి. ఇదంతా దొరల ఇళ్ళలో. పంచదార అప్పట్లో అంత ఖరీదు. అది చవకవడానికి కరీబియన్ దీవుల చెరకు తోటల్లో బానిసలు ఎంత రక్తం ధారపోశారో మనకి తెలిసిందే.

తెల్లగా ఉండటమే కేకుకి హోదా అయిపోయింది. 1840లో విక్టోరియా రాణి పెళ్ళి కేకు మూడువందల పౌండ్లు, అంటే దాదాపు 136 కిలోలు, తెల్లటి ఐసింగ్‌తో. రాయల్ ఐసింగ్ ఎండితే రాయే. యుద్ధం వచ్చాక 1940 ఆగస్టులో బ్రిటన్ ప్రభుత్వం కేకు పైన పంచదార పెట్టడాన్నే నిషేధించింది. పెళ్ళికూతుళ్ళు అట్టతోనో ప్లాస్టర్‌తోనో చేసిన ఉత్తుత్తి కేకు అద్దెకి తెచ్చి, దానికింద చిన్న కేకు దాచి, ఫోటో దిగేవారట. చదివితే నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. ఎంత కష్టకాలంలోనైనా ఫోటోలో కేకు ఉండాలి మరి. పంచదారకి రేషన్ 1953 దాకా పోలేదు. ఇప్పటి మెత్తటి దుప్పటిలాంటి ఫాండెంట్‌ని బాగా వాడకంలోకి తెచ్చిన వాళ్ళలో ఆస్ట్రేలియా వాళ్ళు ముఖ్యులు, దాన్ని అక్కడ ప్లాస్టిక్ ఐసింగ్ అనేవారు. ఆ తర్వాత టీవీ వచ్చింది. 2006లో ఏస్ ఆఫ్ కేక్స్, 2009లో కేక్ బాస్, వాటిని చూసి కేకుని బూటులా, కారులా, టీషర్టులా చేసే వెర్రి. మా అమ్మాయి అడిగిన సుడి అలా పుట్టిందే.

మిగిలింది నా పది రూపాయల పొట్లం.

1820లో లండన్‌లో ఫ్రెడరిక్ అకమ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆహార కల్తీ మీద పుస్తకం రాసి, పిల్లల మిఠాయిల్లో ఎరుపుకి సీసం, పచ్చకి రాగి లవణాలు కలుపుతున్నారని బయటపెట్టాడు. అంటే గోడలకి వేసే రంగులే నోట్లోకి పోతున్నాయి. 1856లో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు విలియం పెర్కిన్ మలేరియా మందు చెయ్యబోయి తారు నుంచి ఊదా రంగు కనిపెట్టాడు. అక్కణ్ణుంచి తారు రంగులు బట్టలకి, బట్టల నుంచి మిఠాయిలకి పాకాయి. సీసంతో పోలిస్తే నయం, చిటికెడుతో డబ్బాడు రంగు, పైగా చవక. 1906లో అమెరికాలో ఆహార చట్టం వచ్చాక బజార్లో ఉన్న ఎనభై రంగుల్ని పరిశీలించి, ఏడింటినే తినడానికి ఒప్పుకున్నారు. ఆ ఏడింటిలో ఒకటి ఆరెంజ్ నంబర్ 1. 1950లో హాలోవీన్ పండగకి ఆ రంగు వేసిన మిఠాయిలు తిని పిల్లలు జబ్బుపడ్డారు. అప్పుడు దాన్నీ తీసేశారు. చట్టం ఒప్పుకుంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదని, ఒప్పుకోనిదాని జోలికి అసలు పోకూడదని, రెండూ తెలిశాయి నాకు.

మన దేశంలో తినడానికి అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిదే. పసుపుకి టార్ట్రజిన్, నీలానికి బ్రిలియంట్ బ్లూ, ఎరుపుకి కార్మోయిసిన్ వగైరా. అవి కూడా పరిమితిలోనే. వీటిలో ఎక్కువ భాగం పట్టుకీ ఉన్నికీ అంటుకుంటాయి కానీ నూలు మీద గట్టిగా నిలవవు, ఉతికితే చాలామటుకు పోతాయి. ధగధగలాడే గులాబీ రోడమిన్ బి అనే రంగు మాత్రం బట్టలకీ కాగితాలకీ వాడేది. 2024లో పుదుచ్చేరి, తమిళనాడు, కర్ణాటకల్లో పీచు మిఠాయి మీద గొడవ జరిగింది దీని గురించే. తిరునాళ్ళలో నేను ఎన్ని పీచు మిఠాయిలు తిన్నానో, మా అమ్మాయికి ఎన్ని కొనిపెట్టానో తల్చుకుంటే కడుపులో తిప్పింది. పొట్లం మీద పేరు, కంపెనీ, అనుమతి నంబరు లేనిది పది రూపాయలైనా, ఊరికే ఇచ్చినా ఇంట్లోకి రానివ్వకండి.

చివరికి పేర్లున్న జెల్ రంగులు తెచ్చుకున్నాను. ఫాండెంట్ మీద కుంచెతో వెయ్యొచ్చు, కానీ నీళ్ళు తగిలితే పంచదార కరుగుతుందని విదేశీ వీడియోల్లో రంగుని వోడ్కాలో కలుపుతారు. మా ఇంట్లో వంటగట్టు మీద వోడ్కా సీసా అంటే కేకు కన్నా అదే పెద్ద కబురవుతుంది. అందుకని రెండో పద్ధతి పట్టాం. ఫాండెంట్‌ని ఆరు ముద్దలు చేసి ఒక్కోదానికి ఒక్కో రంగు కలపడం, జంతికల పిండిలా తాళ్ళు చెయ్యడం, అన్నిటినీ కలిపి మెలితిప్పడం, ఆ తాడుని చేగోడీలా కాదు, దోమల చక్రంలా చుట్ట చుట్టడం, పైనుంచి అప్పడాల కర్రతో ఒకేసారి నెమ్మదిగా ఒత్తడం. పీట మీద పిండి బదులు మొక్కజొన్న పిండి చల్లాలి. ఎక్కువసార్లు మెలితిప్పితే రంగులన్నీ కలిసి బురద అవుతాయి. మొదటి ముద్ద నాకు బురదే అయింది. రెండోదానికి మా అమ్మాయి తాళ్ళు చేసింది, అత్తయ్య మెలితిప్పారు. ఆవిడ వేళ్ళు ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేశాయి. ఎలా తెలిసిందండీ అంటే, "బిగువు చేతికి తెలుస్తుందే" అన్నారు. ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్నకి పోగులు పట్టిందట. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను, ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు నేను.

కేకు ఫ్రిజ్‌లోంచి తీసేసరికి మా ఊరి జూలై ఉక్కకి పైన చెమట పట్టింది. ఫాండెంట్ కేకుని అట్టపెట్టెలో పెట్టి, ఆ పెట్టెతోనే బయటికి తీసి, చల్లదనం పోయాక మూత తియ్యాలని తర్వాత తెలిసింది. నీలం వెళ్ళి పసుపులోకి దిగి అక్కడక్కడా పచ్చబడింది. నాకు ప్రాణం ఉసూరుమంది. మా అమ్మాయి మాత్రం, "అచ్చం టీషర్టులాగే ఉందమ్మా" అని ఎగిరి గంతేసింది. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని చూసి, "చీరాలలో అయితే ఈ పేటుకి కూలి ఇచ్చేవాళ్ళు కాదు" అని, రంగు కారినవైపు ముక్కే తన పళ్ళెంలో వెయ్యమన్నారు.

మిగిలిన ఫాండెంట్‌ని ప్లాస్టిక్ కవర్ చుట్టి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాను. దసరా సెలవులకి వచ్చినప్పుడు నాయనమ్మ దగ్గర గడియారం డిజైను ఎలా వస్తుందో గీయించుకుంటుందట, ఈలోపు నన్ను ముట్టుకోవద్దంది.